విశాఖలో హార్డ్ రాక్ ఆల్బమ్ చేయదలచిన బృందానికి

హార్డ్ రాక్ ఆల్బమ్ మంచిచెడ్డలు చాలావరకు స్టూడియో తలుపు తెరవకముందే తేలిపోతాయి. గంటకింత అని అద్దె కట్టి లోపలికి వెళ్లాక, పాట ఎంత వేగంతో నడవాలో, రెండో చరణం తర్వాత గిటార్ సోలో ఉండాలో అక్కర్లేదో వాదించుకునే బృందం డబ్బుతో పాటు ఉత్సాహాన్ని కూడా అక్కడే పోగొట్టుకుంటుంది. బ్రిటిష్ బృందం బ్లాక్ సబ్బత్ తన మొదటి ఆల్బమ్‌ను 1969 అక్టోబరులో లండన్‌లో దాదాపు ఒక్క రోజులో రికార్డు చేయగలిగిందంటే, ఆ పాటలను అప్పటికే వేదికల మీద పదేపదే వాయించి ఉండడమే కారణం. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ మరణించాక, ఏసీ/డీసీ కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో ఏప్రిల్, మే నెలల్లో బహామాస్‌లో రికార్డు చేసి జులైలో విడుదల చేసిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’లో ఉన్నవి పది పాటలే, నిడివి సుమారు 42 నిమిషాలే. ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు పట్టే నిడివిని బట్టి ఏర్పడిన ఆ కొలత నేడు ఎవరినీ కట్టడి చేయదు. అయినా తొలి ఆల్బమ్‌కు పది పాటలు మించకపోవడమే మేలు, ఎనిమిదైనా తక్కువేమీ కాదు.

తెలుగులో పాడదలచుకుంటే మొదట ఆలోచించవలసింది మాటల నడక గురించి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక, గొంతు చించుకుని పాడే చోట చివరి అక్షరాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు. అయితే రిఫ్‌కు, అంటే పాటలో పదేపదే తిరిగే గిటార్ వరుసకు, సరిపోవాలని దీర్ఘాలను కుదించినా, ఒత్తులను మింగినా, వినేవారికి అది ఏ భాషో కూడా అర్థం కాదు. అందుచేత రిఫ్ తయారైపోయాక మాటలను అందులో ఇరికించడం కంటే, మాత్రలు లెక్కపెట్టి రెండింటినీ కలిపి కట్టుకోవడం మంచిది. గురజాడ ముత్యాలసరం ఛందస్సులో పాదానికి మూడు, నాలుగు, మూడు, నాలుగు చొప్పున పద్నాలుగు మాత్రలు ఉంటాయి. ఒక్కో మాత్రను అరబీటుగా తీసుకుంటే, ఏడు అరబీట్ల రిఫ్ రెండుసార్లు తిరిగేసరికి ఒక పాదం పూర్తవుతుంది. మూడు మాత్రలు మొదలయ్యే చోట కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), నాలుగు మొదలయ్యే చోట స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) పడితే కుంటినడకలా తోచే ఆ ఏడు లెక్క ఎంతో బరువుగా వినిపిస్తుంది. నాలుగో పాదం తరచూ కురచగా ఉంటుంది కాబట్టి మిగిలిన జాగాలో గిటార్ జవాబు చెప్పవచ్చు. 1915లో మరణించిన గురజాడ రచనలకు కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. కానీ మన విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ 1983లో మరణించారు గనుక, రచయిత మరణానంతరం అరవై ఏళ్లు అనే నియమం ప్రకారం ఆయన కవిత్వానికి 2043 చివరి వరకు హక్కులు ఉంటాయి. అనుమతి లేకుండా ఆయన పంక్తులకు బాణీ కట్టి విడుదల చేయరాదు.

పాటలు కుదిరాక, ప్రతి పాటకూ వేగం నిర్ణయించి క్లిక్‌తో (తాళం తప్పకుండా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ శబ్దంతో) సాధన చేయాలి. జామ్ రూమ్‌లో (బృందాలు సాధన చేసుకునే గదిలో) ఫోన్‌తో రికార్డు చేసుకుని మర్నాడు వింటే చాలు, ఎక్కడ విసుగు పుడుతోందో తెలిసిపోతుంది. నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మాత్రమే కనుక, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లో డ్రమ్స్ వాయించి పొరుగువారితో సఖ్యంగా ఉండడం అసాధ్యం. ఇంటి సాధనకు పెద్దగా చప్పుడు చేయని రబ్బరు ప్యాడ్లే శరణ్యం.

సముద్రపు గాలి మరో సమస్య. తేమకు గిటార్ చెక్క ఉబ్బుతుంది, మెడ వంపు మారుతుంది, ఉప్పు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయిద్యాన్ని సిలికా జెల్ సంచులు వేసిన పెట్టెలో ఉంచాలి. రికార్డింగుకు ఒకటి రెండు రోజుల ముందు కొత్త తీగలు వేసి, పైమెట్లలో కూడా శ్రుతి నిలిచేలా సరిచేయించుకోవాలి. ఉక్కపోతలోంచి నేరుగా ఏసీ గదిలోకి వెళ్లి వెంటనే వాయిస్తే మొదటి గంటంతా శ్రుతి చేసుకోవడానికే సరిపోతుంది కాబట్టి వాయిద్యాలను ముందుగానే అక్కడికి చేర్చడం వివేకం.

ఉన్న డబ్బులో పెద్ద వాటా డ్రమ్స్‌కే వెచ్చించాలని నా నిశ్చితాభిప్రాయం. గిటార్లను, బేస్‌ను పడకగదిలోనైనా రికార్డు చేయవచ్చు, డ్రమ్స్‌కు మాత్రం మంచి గది కావాలి. పైకప్పు తక్కువగా ఉన్న గదిలో సింబల్స్ (డ్రమ్స్‌తో పాటుండే లోహపు తాళాలు) శబ్దం కప్పుకు తగిలి వెంటనే తిరిగొచ్చి మైకులో కలిసి, ధ్వనిని పలచన చేస్తుంది. డీప్ పర్పుల్ బృందం 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో, తాము రికార్డు చేయదలచిన క్యాసినో కాలిపోవడంతో, శీతాకాలానికి మూసివేసిన ఒక హోటల్ నడవాల్లో వాయించి ఆల్బమ్ పూర్తి చేసింది. దానికి బయట నిలిపిన రికార్డింగ్ వాహనం తోడైంది. ఇక్కడ కూడా కప్పు ఎత్తుగా ఉన్న పాత బంగళా హాలునో, సెలవుల్లో ఖాళీగా ఉన్న పాఠశాల సమావేశ మందిరాన్నో అనుమతితో రెండు రోజులు తీసుకుంటే, ఇరుకు స్టూడియో కంటే మంచి ఫలితం రావచ్చు. ఎన్‌ఏడీ కొత్త రోడ్డు పరిసరాలైతే నౌకాదళ విమానాల మోతను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మైకులను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఎనిమిది ఇన్‌పుట్లున్నది సరిపోతుంది. కిక్‌కు ఒకటి, స్నేర్‌కు పైనా కిందా చెరొకటి, టామ్‌లకు (మిగతా డ్రమ్ములకు) రెండు, పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకులు రెండు, గది ధ్వనికి ఒకటి. ఓవర్‌హెడ్‌లు రెండూ స్నేర్ నడిమికి సమాన దూరంలో ఉండాలి. దీన్ని దారంతో కొలిచి చూడడం అవసరం, ఎందుకంటే 34 సెంటీమీటర్ల తేడా అంటే దాదాపు ఒక మిల్లీసెకండు ఆలస్యం, ఆ మాత్రానికే స్నేర్ దెబ్బ మొద్దుబారుతుంది. స్నేర్ కింది మైకుకు ఫేజ్ తిప్పి (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి) వినాలి, ఏది నిండుగా ఉంటే దాన్నే ఉంచాలి. అన్నిటినీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లలో రికార్డు చేయాలి.

గిటార్ విషయంలో వేదిక మీద అలవాటైన డిస్టార్షన్‌ను (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్‌ను) తగ్గించుకోవాలి. ఒకే భాగాన్ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెడితేనే ఆ గోడలాంటి శబ్దం వస్తుంది, ఒక్క టేక్‌ను కాపీ చేసి రెండు వైపులా పెడితే రాదు. సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కంపనాన్ని పట్టే ఒంటి తీగచుట్టలు) ఉన్న గిటార్‌లో కరెంటు లైను నుంచి 50 హెర్ట్జ్ రొద చేరుతుంది. రొదను రద్దు చేసే జంట చుట్టల పికప్‌లైన హంబకర్లు వాడడం, ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించడం దానికి విరుగుడు. ఫైళ్లను రెండు డ్రైవుల్లో దాచి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన సంగతి గుర్తున్నవారెవరూ అక్టోబరు, నవంబరులలో రికార్డింగ్ పెట్టుకోరు.

రికార్డు చేసిన శబ్దాలన్నిటినీ సరైన పాళ్లలో కలిపే మిక్సింగ్ పనిని బృందంలోని గిటారిస్టుకు అప్పగించకూడదు, తన గిటార్‌నే పెంచుకుంటాడని వేరే చెప్పనక్కర్లేదు. విడుదలకు ముందు చివరి మెరుగైన మాస్టరింగ్‌లో శబ్దాన్ని అదేపనిగా పెంచినా ప్రయోజనం లేదు. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే బిగ్గరతనపు కొలమానం) స్థాయికి తెచ్చి వినిపిస్తుంది గనుక, నలిపి నలిపి పెంచిన పాట అక్కడ తగ్గిపోతుంది, నలిగిన స్నేర్ మాత్రం నలిగినట్టే ఉండిపోతుంది.

విడుదలకు ముందే, ఏ పాటకు ఎవరు మాటలు రాశారో, ఎవరు బాణీ కట్టారో, రికార్డింగ్ ఖర్చు ఎవరు భరించారో కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు చేయాలి. పాటకూ రికార్డింగుకూ హక్కులు వేర్వేరు. సినిమాకు చెందని రికార్డింగుల విషయంలో, హక్కులు ఇతరులకు రాసిచ్చినా రాయల్టీలో సమాన వాటా కోరే అధికారం రచయితకు, స్వరకర్తకు ఉంటుందని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది. ఆ సొమ్ము వసూలు కావాలంటే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యత్వం తీసుకోవాలి. ప్రతి ట్రాక్‌కు రికార్డింగును గుర్తించే పన్నెండు అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంకేతం ఉండాలి, సాధారణంగా పాటలను స్ట్రీమింగ్ వేదికలకు చేర్చే డిస్ట్రిబ్యూటరే దాన్ని కేటాయిస్తారు.

తొలి వారపు అంకెలను చూసి ఆల్బమ్ గతిని తేల్చకూడదు. గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బమ్ ‘అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్’ 1987 జులైలో విడుదలైనా, అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది 1988 ఆగస్టులోనే. ఆ ఏడాదంతా బృందం ఊరూరా వాయిస్తూనే ఉంది, వీడియోలు టీవీలో వస్తూనే ఉన్నాయి. కాబట్టి ఖర్చులో కొంత విడుదల తర్వాతి పన్నెండు నెలలకు అట్టిపెట్టాలి. మొదట రెండు పాటలను నెల తేడాతో విడిగా విడుదల చేసి, ఆల్బమ్‌ను డిస్ట్రిబ్యూటర్‌కు నాలుగు వారాల ముందే అందజేయాలి. ఆ తర్వాత ప్రతి రెండు మూడు నెలలకొక పాటకు వీడియో తీయాలి. సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం వంటి పెద్ద వేదికకు తొందరపడకుండా, కళాశాల ఉత్సవాల్లో, చిన్న కేఫ్‌లలో వాయించి ఏ పాటకు జనం గొంతు కలుపుతున్నారో గమనించాలి. ఆరుబయట కచేరీ అయితే పోలీసు అనుమతి తీసుకోవాలి, రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం కనుక చివరి పాట తొమ్మిదిన్నరకల్లా మొదలయ్యేలా వరుస వేసుకోవాలి.