హెవీ డ్యూటీ పికప్‌కు ఆల్ టెరైన్ టైర్లు: ఇబ్బంది ఏమిటి, కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

ట్రైలర్ లాగడానికో, ఊరి బయట కొన్న స్థలానికి వెళ్లిరావడానికో అమెరికాలో ఎఫ్-250, రామ్ 2500, సిల్వరాడో 2500 లాంటి పెద్ద పికప్ బండి తీసుకున్నవాళ్లు మొదట మార్చేవి టైర్లే, తారు రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం వేస్తారు. మార్చిన నెలలోపే ఫిర్యాదులు మొదలవుతాయి. బండి ఊగుతోందని, వణుకుతోందని, టైర్లు మధ్యలో అరిగిపోతున్నాయని, మైలేజీ పడిపోయిందని అంటారు. వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే: టైరును చూపును బట్టి, ఎత్తును బట్టి కొన్నారు, మోయాల్సిన బరువును బట్టి కొనలేదు.

అందుకే ఏ ఇబ్బంది వచ్చినా ముందు రెండు చోట్ల చదవండి.

ఒకటి, డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కనిపించే స్టిక్కర్లు. కంపెనీ వేసిన టైరు సైజు, ముందు వెనక చక్రాలకు చల్లగా ఉన్నప్పుడు ఉండాల్సిన గాలి, ఒక్కో యాక్సిల్ మోయగల గరిష్ఠ బరువు అక్కడ ఉంటాయి.

రెండోది టైరు పక్క గోడ. ఉదాహరణకు ‘ఎల్‌టి 275/65ఆర్20, 126/123, లోడ్ రేంజ్ ఈ’ అని ఉందనుకోండి. ఎల్‌టి అంటే లైట్ ట్రక్ టైరు. 275 వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, 20 రిమ్ము అంగుళాలు. 126 అంటే ఒంటి చక్రంగా వాడినప్పుడు ఒక్కో టైరు సుమారు 3,750 పౌండ్లు మోస్తుంది. 123 అనేది వెనక జంట చక్రాలుండే బండికి, అప్పుడు ఒక్కో టైరుకు సుమారు 3,415 పౌండ్లు. ఈ సైజులో లోడ్ రేంజ్ ఈ టైరు ఆ పూర్తి బరువు మోయాలంటే ఒత్తిడి లెక్కలో 80 పీఎస్‌ఐ గాలి ఉండాలి. షాపులో ‘టెన్ ప్లై’ అనేది ఈ లోడ్ రేంజ్ ఈ టైరునే. లోపల నిజంగా పది పొరలు ఉండవు, అది పాతకాలపు బలం లెక్క.

ట్రైలర్ తగిలించగానే వెనక భాగం ఊగుతోంది

స్టీరింగ్ నిలకడగా పట్టుకున్నా బండి వెనక భాగం అటూ ఇటూ జరిగినట్టుంటుంది. పక్కనుంచి పెద్ద లారీ వెళ్తే మరీ తెలుస్తుంది.

మొదట గాలి చూడండి. ఖాళీ బండి మెత్తగా నడవాలని వెనక 50 పీఎస్‌ఐకి దించి, ట్రైలర్ తగిలించేటప్పుడు పెంచడం మరిచిపోవడమే ఎక్కువసార్లు కారణం. గాలి తగ్గితే పక్క గోడ ఎక్కువగా వంగుతుంది, వంగిన ప్రతిసారీ వేడెక్కుతుంది. ఎండాకాలం టెక్సాస్ హైవే మీద బరువుతో గంటల తరబడి పరిగెత్తే టైరు ట్రెడ్ (నేలకు ఆనే గాళ్ల రబ్బరు) ఊడిపోవడం ఈ వేడి వల్లే. బరువు లాగే రోజు వెనక టైర్లకు స్టిక్కర్ మీద ఉన్న అంకె పూర్తిగా పెట్టండి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక కొలిస్తేనే అది చల్లటి గాలి లెక్క. దారిలో వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తోందని గాలి వదలొద్దు.

గాలి సరిగ్గానే ఉంటే బరువు చూడాలి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే బండ్ల తూకం ఉంటుంది. ట్రైలర్‌తో, మనుషులతో, సామానుతో ఎక్కించి యాక్సిల్ వారీగా తూకం తీసుకోండి. వెనక యాక్సిల్ 6,400 పౌండ్లు వచ్చిందంటే ఒక్కో వెనక టైరు మీద 3,200 పడుతున్నట్టు. పైన చెప్పిన 3,750 టైరుకు ఇంకా 550 మిగులు ఉంది. మిగులు లేని టైరు అయితే ఎంత గాలి కొట్టినా ఆ ఊపు పోదు, టైరు మార్చాల్సిందే.

ఇవి రెండూ బాగుంటే మిగిలింది ట్రెడ్. లోతైన ట్రెడ్, పెద్ద పెద్ద విడి బ్లాకులున్న టైరులో ఆ రబ్బరు బ్లాకులే నేల మీద అటూ ఇటూ వంగుతాయి. హైవే టైరు మీదినుంచి మారినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. కొత్త టైర్లకు మొదటి 500 మైళ్లు ఇవ్వండి, చాలామటుకు కుదురుకుంటుంది. నెలలో ఎక్కువ రోజులు ట్రైలర్ లాగేవాళ్లు, మట్టిదారి అప్పుడప్పుడే తొక్కేవాళ్లు మాత్రం బురద టైరుకు దగ్గరగా ఉండే రకం జోలికి పోకుండా, బ్లాకులు దగ్గరగా ఉండి మధ్యలో పట్టీలా కలిసిన ఆల్ టెరైన్ తీసుకోవడం మంచిది. చూడటానికి అంత గంభీరంగా ఉండదు, లాగేటప్పుడు మాత్రం బండి గీత గీసినట్టు పోతుంది.

35 అంగుళాల టైర్లు వేశాక బండి బరువుగా ఉంది, స్పీడు తప్పు చూపిస్తోంది, మలుపులో ఒరుసుకుంటోంది

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చోటు ఇదే. లెక్క చూడండి. కంపెనీ ఇచ్చే 275/65ఆర్20 టైరు ఎత్తు ఇప్పటికే సుమారు 34.1 అంగుళాలు. దాని బదులు 35x12.50ఆర్20 (35 అంగుళాల ఎత్తు, 12.50 అంగుళాల వెడల్పు) లోడ్ రేంజ్ ఈ వేస్తే బండి పైకి లేచేది ఆ తేడాలో సగం, అంటే అర అంగుళం కూడా కాదు. ఆ టైరు లోడ్ ఇండెక్స్ (పైన చూసిన 126 లాంటి అంకె) మాత్రం 121, మోసేది సుమారు 3,195 పౌండ్లు. అదీ ఈ వెడల్పాటి సైజుల్లో చాలావాటికి 65 పీఎస్‌ఐ దగ్గరే గరిష్ఠం. వెనక యాక్సిల్ మీద రెండు టైర్లకు కలిపి 1,100 పౌండ్ల మోత పోయింది. పైన తూకంలో 6,400 వచ్చిన బండికి ఈ టైరు చాలదు. ‘అదీ టెన్ ప్లైయే కదా’ అని అమ్మేవాళ్లు అంటారు. అక్షరం ఒకటే, అంకె వేరు. ఎప్పుడూ అంకె చూడండి.

ఎత్తు కావాల్సిందే అనుకుంటే దారి ఉంది. ఎల్‌టి 295/65ఆర్20 ఎత్తు సుమారు 35.1 అంగుళాలు, లోడ్ ఇండెక్స్ 129, అంటే దాదాపు 4,080 పౌండ్లు. 18 అంగుళాల రిమ్ములైతే ఎల్‌టి 285/75ఆర్18 ఎత్తు 34.8, దానిదీ 129యే. వెడల్పు తక్కువ కాబట్టి మలుపులో ఒరుసుకోవడమూ తగ్గుతుంది.

వెడల్పాటి 35ను కంపెనీ రిమ్ము మీద ఎక్కించడం ఇంకో పొరపాటు. 12.50 వెడల్పు టైర్లకు సాధారణంగా 8.5 నుంచి 11 అంగుళాల రిమ్ము కావాలి. ఈ బండ్ల రిమ్ములు చాలావరకు 8 అంగుళాలవి. ఇరుకు రిమ్ము మీద టైరు నడుం ఉబ్బి, నేలకు మధ్య భాగమే ఆని, అక్కడే అరుగుతుంది. రిమ్ముకు కూడా మోత పరిమితి ఉంటుంది. విడిగా కొన్న రిమ్ము వెనక వైపు పోతపోసిన అంకె టైరు మోతకు తగ్గకుండా ఉండాలి.

స్పీడు సంగతి: 275/70ఆర్18 ఎత్తు 33.2 అంగుళాలు. దాని బదులు 35 వేస్తే తేడా ఐదున్నర శాతం. మీటరు 60 చూపిస్తే మీరు నిజంగా వెళ్లేది 63 పైనే. యాక్సిల్లోని 3.73 గేరు నిష్పత్తి 3.53లా పనిచేస్తుంది, అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు ఊరికే మారుతుంటాయి. డీలరు దగ్గరగానీ, బండి కంప్యూటరుకు దారి అయిన ఓబీడీ పోర్టుకు తగిలించే పరికరంతోగానీ కొత్త టైరు సైజు కంప్యూటర్లో ఎక్కించండి. మీటరూ గేర్లు మారే వేళా సరిపోతాయి, పోయిన లాగుడు మాత్రం తిరిగి రాదు.

రోజూ ఒకే టైరులో గాలి కొంచెం తగ్గుతోంది, మేకు కనిపించడం లేదు

వాల్వ్ చూడండి. గాలి కొలిచే సెన్సర్ లేని రిమ్ములకు కార్లకు వేసే మామూలు రబ్బరు వాల్వ్ వేసి పంపే షాపులున్నాయి. ఆ టీఆర్413 రకం 65 పీఎస్‌ఐ వరకే. 80 కొడితే మెడ దగ్గర సన్నటి పగుళ్లు వస్తాయి. వాల్వ్‌ను బొటనవేలితో మెల్లగా పక్కకు వంచి, మొదట్లో సబ్బు నీళ్లు వేయండి. పగులు నోరు తెరుచుకుని బుడగలు చిన్న గొలుసులా పైకి వస్తాయి. నిటారుగా ఉన్నప్పుడు అదే చోట ఒక్క బుడగ కూడా రాకపోవచ్చు, అందుకే నీళ్లలో ముంచినా దొరకదు. 100 పీఎస్‌ఐ తట్టుకునే టీఆర్600 రకంగానీ, నట్టుతో బిగించే లోహపు వాల్వ్‌గానీ వేయించండి. టైర్లు మార్చేటప్పుడే ఈ మాట షాపులో ముందుగా చెప్పాలి, తర్వాతైతే టైరు మళ్లీ విప్పాలి.

55 నుంచి 65 మైళ్ల మధ్య వణుకు

స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి అని మొదటి అంచనా. బరువైన టైరుకు మామూలు బ్యాలెన్సింగ్ ఒక్కోసారి చాలదు. చక్రాన్ని రోలర్‌తో నొక్కుతూ తిప్పి, టైరు ఎక్కడ గట్టిగా ఉందో కొలిచే రోడ్ ఫోర్స్ యంత్రం ఉన్న షాపుకు వెళ్లండి. టైరు గట్టి చోటు రిమ్ము పల్లపు చోటు మీదికే వచ్చేలా తిప్పి ఎక్కిస్తే చాలావరకు పోతుంది. అప్పటికీ పోకపోతే ఆ టైరునే మార్పించుకోవాలి.

గుంతమీద పడ్డాక స్టీరింగ్ చేతిలో ఆగనంతగా కొట్టుకుంటే అది వేరే జబ్బు. ముందు ఒకే దూలంలాంటి యాక్సిల్ ఉన్న బండ్లలో ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ), బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు లాంటి స్టీరింగ్ భాగాలు వదులై ఉంటే అలా అవుతుంది. కొత్త బరువు టైర్లు దాన్ని బయటపెడతాయి, అంతే. కుదుపును అణిచే స్టీరింగ్ స్టెబిలైజర్ ఒక్కటి మార్చితే కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది, లోపల వదులు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మొదట వేగం తగ్గించి పక్కకు ఆపండి. తర్వాత బండి నేలమీదే నిలిపి, ఇంకొకరు స్టీరింగ్‌ను చిన్నగా అటూ ఇటూ తిప్పుతుంటే కింద ట్రాక్ బార్ రెండు చివరలూ చూడండి. బోల్టు దగ్గర కదలిక కళ్లకే కనిపిస్తుంది.

చక్రాలు విప్పి బిగించాక 50 నుంచి 100 మైళ్లలోపు నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. ఎఫ్-250 లాంటి ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 165 పౌండ్-అడుగులు, మిగతావాటికి మాన్యువల్ ప్రకారం.

అరుగుదల ఒకేలా లేదు

మధ్యలో అరిగితే ఖాళీ బండికి ఏడాదంతా 80 పీఎస్‌ఐ ఉంచినట్టు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ట్రెడ్ మీద అరచేతిని అడ్డంగా ఒకసారి అటు, ఒకసారి ఇటు పోనివ్వండి. ఒక వైపు నునుపుగా, రెండో వైపు గరుకుగా తగిలితే టో అలైన్‌మెంట్, అంటే ముందు చక్రాలు నేరుగా చూసే కోణం, తప్పింది. బ్లాకు ఒక అంచు ఎత్తుగా, రెండో అంచు పల్లంగా అరిగి, తిరిగేటప్పుడు గుయ్యిమని మోత వస్తుంటే రొటేషన్ (టైర్ల చోట్లు మార్చడం) ఆలస్యమైంది. ఆల్ టెరైన్‌కు 5,000 మైళ్లకొకసారి చేయించండి. ముదిరాక చేయిస్తే ఆ మోత పూర్తిగా పోదు.

ఖాళీ బండికి ఎంత గాలి అన్నది తూకాన్ని, ఏ గాలికి ఎంత బరువో చెప్పే ఆ సైజు లోడ్ పట్టికను చూసి నిర్ణయించాలి. డీజిల్ బండిలో ఖాళీగా ఉన్నప్పుడు ముందు యాక్సిల్ మీదే బరువు ఎక్కువ, కాబట్టి ముందు గాలి స్టిక్కర్ కంటే దించొద్దు. వెనక దించితే డాష్‌బోర్డులో గాలి తక్కువని చెప్పే దీపం వెలగవచ్చు, కొన్ని మోడళ్లలో దానికోసం లైట్ లోడ్ సెట్టింగు ఉంటుంది. చలి పడ్డ ఉదయం దీపం వెలిగితే కంగారు పడొద్దు. 80 పీఎస్‌ఐ టైరులో ప్రతి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలకు దాదాపు 1.8 పీఎస్‌ఐ తగ్గుతుంది. ఆ చలిలోనే కొలిచి నింపండి.

కంకర దారిలో ట్రెడ్ తునకలు ఊడుతున్నాయి

గట్టిగా గాలి కొట్టిన టైరు రాయి మీద ఒంగదు, రాయే రబ్బరును కోస్తుంది. కంకర దారి పొడుగునా వెళ్లాల్సి ఉండి, బరువు లేకపోతే, పట్టిక ఒప్పుకున్నంత మేర గాలి దించి నెమ్మదిగా నడపండి. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి, అందుకు చిన్న కంప్రెసరు బండిలో ఉండాలి. రోజూ ఇదే దారి అయితే పక్క గోడలో మూడు పొరలున్న టైరు, గాడుల అడుగున రాళ్లను తోసేసే చిన్న దిమ్మలున్న టైరు ఎంచుకోండి.

మంచులో జారుతోంది

ఎమ్ ప్లస్ ఎస్ అన్న అక్షరాలు ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేవి, మంచులో పరీక్షించి కాదు. మూడు శిఖరాల కొండలో మంచురేకు గుర్తు ఉంటే అదిమిన మంచులో లాగుడు పరీక్షలో నెగ్గినట్టు. గట్టి ఐసు మీద బ్రేకు పడుతుందని మాత్రం ఆ గుర్తు చెప్పదు. డెన్వర్ నుంచి ఐ-70 మీద కొండల్లోకి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి: కొలరాడోలో మోరిసన్, డాట్సెరో అనే ఊళ్ల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రెడ్ కనీసం అంగుళంలో 3/16 ఉండాలి. మామూలు చట్టం సరిపెట్టే 2/32 అంగుళం అక్కడ చెల్లదు. నిజానికి ట్రెడ్ 2/32కు దిగకముందే మంచులో పట్టు తగ్గిపోతుంది.

వెనక జంట చక్రాల బండి

జంటలోని రెండు టైర్ల ఎత్తు తేడా పావు అంగుళం మించకూడదు. మించితే పెద్దదే ఎక్కువ బరువు మోసి ముందుగా పాడవుతుంది. వెడల్పు సైజు వేస్తే రెండింటి పక్క గోడలు ఒరుసుకుంటాయి. రెండింటి మధ్య ఇరుక్కున్న రాయిని ప్రతి కంకర ప్రయాణం తర్వాత టార్చి వేసి చూడండి.

పంక్చరు వేయించాలా, పారేయాలా

ట్రెడ్ మధ్య భాగంలో, పావు అంగుళం లోపు రంధ్రమైతే టైరు విప్పి లోపలినుంచి ప్లగ్, ప్యాచ్ కలిపి వేయించవచ్చు. బయటినుంచి గుచ్చే తాడు ఇల్లు చేరడానికే, దానిమీద ట్రైలర్ లాగొద్దు. ట్రెడ్, పక్క గోడ కలిసే భుజం దగ్గరగానీ, పక్క గోడకుగానీ చిల్లు పడితే అతుకు లేదు. పక్క గోడ మీద బుడిపె లేస్తే లోపలి తాళ్లు తెగినట్టే, ఆ టైరు ఆ రోజే మార్చాలి. స్పేర్ టైరు పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే సంఖ్య చివరి నాలుగు అంకెలు కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రెడ్ కొత్తగా ఉన్నా పదేళ్లు దాటిన స్పేరును తీసేయండి. కొత్తది కొనేటప్పుడు మిగతా నాలుగింటి సైజే తీసుకోండి, ఎత్తు తేడా ఉన్న టైరుతో ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది.