అమెరికా సైన్యం వదిలి పార్ట్‌టైమ్ దళాలైన రిజర్వ్‌లోనో నేషనల్ గార్డ్‌లోనో చేరేముందు జాగ్రత్తలు

- సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డీడీ 214 పత్రంలో ‘మెంబర్ 4’ కాపీ దగ్గర పెట్టుకోండి. మళ్లీ చేరే అర్హత చెప్పే ఆర్‌ఈ కోడ్ అందులో ఉంటుంది, ‘మెంబర్ 1’లో ఉండదు. కోడ్ తప్పుగా పడి ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోండి.

- మొదట ఒప్పుకున్న 8 ఏళ్ల సైనిక సేవా బాధ్యతలో ఎంత మిగిలిందో చూసుకోండి.

- వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) నుంచి వైకల్య భృతి వస్తోందా? ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఒకే రోజుకు భృతి, డ్రిల్ (రిజర్వ్, గార్డ్ సభ్యుల శిక్షణ) జీతం రెండూ ఉంచుకోవడానికి లేదు. డ్రిల్ వారాంతం రెండు రోజులే అయినా 4 రోజుల జీతంగా లెక్క. ఏడాదికి మామూలుగా 48 డ్రిల్లులు, 15 రోజుల వార్షిక శిక్షణ, మొత్తం 63 రోజుల జీతం. ఏది వదులుకుంటారో 21-8951 ఫారంలో తెలపాలి. పట్టించుకోకపోతే అదనంగా అందిన సొమ్మును తర్వాత భృతిలోంచి కోసుకుంటారు. ఆ మేరకు డబ్బు విడిగా దాచండి.

- బోనస్, చేయబోయే పని, డిప్లాయ్‌మెంట్ వాయిదా: రిక్రూటర్ నోటిమాట చాలదు, ఒప్పందంలో రాసి ఉంటేనే సంతకం పెట్టండి.

- రిజర్వ్, గార్డ్ సభ్యుల ఆరోగ్య బీమా ‘ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్’కు నెలనెలా ప్రీమియం కట్టాలి. ఐఆర్‌ఆర్‌లో (మామూలుగా డ్రిల్లులు చేయని రిజర్వ్ జాబితాలో) ఉన్నవాళ్లకు అది వర్తించదు.

- డ్రిల్ తేదీలు తెలియగానే యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. సైనిక సేవకు వెళ్లేవారి ఉద్యోగ హక్కుల చట్టం ‘యూసెర్రా’ మీ ఉద్యోగాన్ని కాపాడుతుంది, కానీ ముందస్తు సమాచారం ఇవ్వడం మీ వంతు.