డెన్మార్క్ పాస్‌పోర్టుతో ఇండియాకు: ఈ-వీసా దరఖాస్తు విధానం

కోపెన్‌హేగన్‌లో ఉండే తెలుగువాళ్ళింట్లో పెళ్ళి కుదిరిందంటే ఆఫీసు స్నేహితులు, పక్కింటివాళ్ళు కూడా "మేమూ వస్తాం" అంటారు. టికెట్లు కొంటారు, చీర కట్టడం ఎలాగో వీడియోలు చూస్తారు, వీసా ఊసు మాత్రం ఎత్తరు. తప్పు వాళ్ళది కాదు. డేనిష్ పాస్‌పోర్టు చూపిస్తే చాలా దేశాలు వీసా అడగవు. టికెట్ కొని బయల్దేరడమే వాళ్ళ అలవాటు. ఇండియా మాత్రం అడుగుతుంది. వీసా లేకపోతే శంషాబాద్ దాకా కూడా రాలేరు, కాస్ట్రప్ విమానాశ్రయంలో చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తారు.

అలాంటి అతిథుల కోసం, వాళ్ళ పక్కన కూర్చుని ఫారం నింపిపెట్టే మనవాళ్ళ కోసం ఈ వివరాలు.

ఏ వీసా తీసుకోవాలి

2014 నవంబరులో మొదలైన ఈ-వీసా పద్ధతిలోకి డెన్మార్క్ 2016లో చేరింది. కాబట్టి ఊళ్ళు చూడడానికో, పెళ్ళికో, స్నేహితులను కలవడానికో వచ్చే డేనిష్ పౌరులు ఎంబసీకి వెళ్ళక్కర్లేదు, పాస్‌పోర్టు ఎక్కడికీ పంపక్కర్లేదు. అంతా ఆన్‌లైన్‌లోనే.

టూరిస్టు ఈ-వీసా మూడు రకాలు: 30 రోజులది, ఏడాదిది, అయిదేళ్ళది. 30 రోజుల దానితో రెండుసార్లు దేశంలోకి రావచ్చు, మిగతా రెండింటితో ఎన్నిసార్లయినా రావచ్చు. దరఖాస్తు ఎప్పుడు చేయాలన్న దగ్గర ఇంకో తేడా ఉంది. 30 రోజుల వీసాకు, దిగే తేదీ ఇంకా 30 రోజులు ఉందనగా మాత్రమే అప్లై చేయనిస్తారు. ఏడాది, అయిదేళ్ళ వీసాలకైతే 120 రోజుల ముందు నుంచే చేసుకోవచ్చు. ఏ రకమైనా కనీసం 4 రోజుల ముందు పూర్తి చేయాలి. డిసెంబరు 20న దిగేవాళ్ళు 30 రోజుల వీసా కావాలంటే నవంబరు 20 నుంచి డిసెంబరు 16 లోపు చేసుకోవాలన్నమాట. ఆ రోజుల్లోనే సామాన్లు సర్దుకోవడం, ఆఫీసు పనులు ముగించుకోవడం, క్రిస్మస్ విందులు అన్నీ ఉంటాయి. అందుకే నేను ఎవరడిగినా ఏడాది వీసా తీసుకోమంటాను. నాలుగు డబ్బులు ఎక్కువైనా రెండు మూడు నెలల ముందే పని అయిపోతుంది, టెన్షన్ ఉండదు.

గడువు లెక్క కూడా వేరు. 30 రోజుల వీసాలో రోజులు ఇండియాలో దిగిన నాటి నుంచి మొదలవుతాయి. దాని అనుమతి కాగితం మీద కనిపించే గడువు తేదీకి అర్థం, ఆలోగా దేశంలో అడుగుపెట్టాలని. ఆ రోజుకు తిరిగి వెళ్ళిపోవాలని చాలామంది పొరపడతారు. ఏడాది, అయిదేళ్ళ వీసాలకు మంజూరైన రోజు నుంచే లెక్క. ఒక్కో విడతలో ఎన్నాళ్ళు ఉండొచ్చో ఇమిగ్రేషన్‌లో వేసే ముద్ర చూసి రాసిపెట్టుకోవాలి.

కంపెనీ మీటింగుకు వచ్చేవాళ్ళకు బిజినెస్ ఈ-వీసా, ఆసుపత్రిలో వైద్యానికి వచ్చేవాళ్ళకు మెడికల్ ఈ-వీసా వేరే ఉన్నాయి. వార్తలు రాయడానికి వచ్చే జర్నలిస్టులు మాత్రం ఎంబసీ ద్వారానే రావాలి. డెన్మార్క్ ఇచ్చిన శరణార్థి ప్రయాణ పత్రంతో తిరిగేవాళ్ళకు, పాకిస్తాన్ మూలాలున్నవాళ్ళకు కూడా ఈ-వీసా రాదు, మామూలు వీసాకే దరఖాస్తు పెట్టుకోవాలి.

అసలు సైటు ఒక్కటే

భారత ప్రభుత్వ సైటు ఇండియన్‌వీసాఆన్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర "గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూడందే ఒక్క అక్షరం కూడా టైపు చేయొద్దు. గూగుల్‌లో వెతికితే మీద ప్రకటనలుగా వచ్చే సైట్లలో కొన్ని సింహాల బొమ్మ, త్రివర్ణ పతాకం పెట్టుకుని అచ్చం సర్కారువాటిలాగే ఉంటాయి. అవి మన ఫారాన్నే నింపి రెండు మూడింతలు వసూలు చేసే దళారులవి. డెన్మార్క్‌లో ప్రభుత్వ పనులన్నీ ఆన్‌లైన్‌లో నమ్మకంగా చేసుకునే అలవాటున్నవాళ్ళు వీటికి ఇట్టే దొరికిపోతారు. లింకు మీరే పంపండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పాస్‌పోర్టుకు ఇండియాలో దిగే నాటికి ఇంకా ఆరు నెలల గడువుండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. పిల్లల పాస్‌పోర్టు గడువు పెద్దలదానికంటే తక్కువ కాబట్టి ముందు అది చూడండి. చంటిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు, సొంత దరఖాస్తు ఉండాల్సిందే.

ఫొటో జేపెగ్ రూపంలో, పొడవు వెడల్పు సమానంగా, 10 కేబీ నుంచి 1 ఎంబీ లోపు ఉండాలి. వెనక తెల్లగా ఉండాలి, అంచులు ఉండకూడదు, కళ్ళజోడు తీసేయాలి. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ స్కాన్ పీడీఎఫ్‌గా 300 కేబీ దాటకూడదు. ఫోనుతో తీసిన స్కాన్ ఎప్పుడూ ఇంతకంటే పెద్దదే అవుతుంది. ముందే తగ్గించుకుని పెట్టుకుంటే ఫారం చివర్లో వెతుక్కునే పని తప్పుతుంది. తగ్గించాక కూడా అక్షరాలు చదవగలిగేలా ఉండాలి.

పేరు దగ్గరే అసలు చిక్కు

డేనిష్ అక్షరమాలలో ఇంగ్లీషు అక్షరాలు 26 కాక చివర మూడు అదనంగా ఉంటాయి: ఏ, ఈ అతుక్కుపోయినది ఒకటి, ఓ మీద అడ్డగీత పడ్డది ఒకటి, ఏ నెత్తిన చిన్న సున్నా ఉన్నది ఒకటి. ఫారంలో ఇవి చెల్లవు. మరి ఏం రాయాలి? పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో నిండిన రెండు వరుసలు ఉంటాయి కదా, జవాబు అక్కడుంది. యంత్రం చదివే ఆ వరుసల్లో, అతుక్కుపోయిన అక్షరాన్ని ఏ, ఈ అని, అడ్డగీత ఓను ఓ, ఈ అని, సున్నా ఏను రెండు ఏలుగా విడదీసి రాస్తారు. ఫారంలోనూ అలాగే కొట్టాలి.

మొదటిసారి ఓ సోరెన్‌సన్ గారి ఫారం నింపుతూ నేను అడ్డగీత తీసేసి ఉత్త ఓ కొట్టాను. వీసా వచ్చింది. పేరు చూస్తే పాస్‌పోర్టు అడుగు వరుసతో కలవలేదు. విమానాశ్రయంలో వాదించుకోవడం దేనికని మళ్ళీ మొదటి నుంచి నింపి మళ్ళీ ఫీజు కట్టాం. ఆయన నవ్వుతూనే కట్టారు కానీ నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి పై వరుసల్లో పేరు చూడడమే మానేశాను, అడుగు వరుస చూసే కొడతాను.

మధ్య పేరుతో ఇంకో తిప్పలు. డేనుల్లో చాలామందికి అమ్మవైపు ఇంటిపేరు మధ్యలో ఉంటుంది, వాడుకలో దాన్నీ ఇంటిపేరులాగే చెబుతారు. పాస్‌పోర్టులో అది ఏ గడిలో ఉంటే ఫారంలోనూ ఆ గడిలోనే రాయాలి. మన ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ పడ్డవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు.

డేనులు తెల్లబోయే ప్రశ్నలు

ఫారం మొదలుపెట్టగానే ఒక తాత్కాలిక అప్లికేషన్ ఐడీ ఇస్తుంది. మధ్యలో సైటు ఆగిపోయినా ఆ నంబరుతో మళ్ళీ కొనసాగించవచ్చు కాబట్టి ముందు అది రాసుకోండి.

జాతీయ గుర్తింపు నంబరు అడిగే చోట డేనులు తమ పది అంకెల సీపీఆర్ నంబరు వేస్తారు. ఒంటి మీద పుట్టుమచ్చలు అడిగినప్పుడు నవ్వుతారు. మనకు పదో తరగతి సర్టిఫికెట్ నుంచీ అలవాటే, వాళ్ళకు కాదు. మతం అడిగితే ఇంకా ఇబ్బంది పడతారు, ఎందుకంటే చర్చిలో సభ్యత్వం ఉంటుంది, నమ్మకం ఉండదు. దీని మీద చర్చ పెట్టుకోకుండా ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు వెళ్ళమనండి. తల్లిదండ్రులు పుట్టిన ఊళ్ళు, గత పదేళ్ళలో తిరిగిన దేశాలు కూడా అడుగుతారు. పదేళ్ళలో ముప్ఫై దేశాలు తిరిగినవాళ్ళు ఒక చీటీ మీద ముందే రాసుకుంటే మంచిది. ఇండియాలో తెలిసినవాళ్ళ చిరునామా, ఫోను అడిగే చోట పెళ్ళివారిది ఇవ్వచ్చు. వాళ్ళకు ముందే ఒక మాట చెప్పండి.

చూడబోయే ఊళ్ళు రాసే చోట చాలామంది డేనులు తరంగంబాడి పేరు రాస్తారు. తమిళనాడు తీరంలోని ఆ ఊరు 1620 నుంచి 1845 దాకా డెన్మార్క్ చేతిలో ఉంది, వాళ్ళ కోట ఇప్పటికీ నిలిచే ఉంది. అక్కడి డేనిష్ మిషన్‌కు వచ్చిన జర్మన్ మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ తర్వాత తెలుగు నేర్చుకుని, 1746-47 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు అవే. పెళ్ళికి వచ్చినవాళ్ళకు ఈ సంగతి చెప్పి చూడండి, ఎంత సంతోషిస్తారో!

దిగే విమానాశ్రయం కూడా ఎంచుకోవాలి. ఈ-వీసాతో జాబితాలో ఉన్న చోట్ల మాత్రమే ప్రవేశం ఉంటుంది. హైదరాబాద్, విశాఖపట్నం రెండూ అందులో ఉన్నాయి. ఢిల్లీలో దిగి అక్కడి నుంచి దేశీయ విమానంలో హైదరాబాద్ వచ్చేవాళ్ళ ఇమిగ్రేషన్ ఢిల్లీలోనే అయిపోతుంది, కాబట్టి ఢిల్లీ అనే రాయాలి.

ఫీజు

30 రోజుల వీసాకు జూలై నుంచి మార్చి దాకా 25 డాలర్లు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా 10 డాలర్లు. ఏడాదికి 40, అయిదేళ్ళకు 80. వీటి మీద బ్యాంకు చార్జీ కొంత పడుతుంది. ఈ రేట్లను ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది, చెల్లించే పేజీలో చూపించేదే అసలు లెక్క. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగిలే రోజుల్లో రేటు తగ్గించడంలో న్యాయం ఉంది. వీసా రాకపోయినా కట్టిన డబ్బు తిరిగి రాదు.

డెన్మార్క్‌లో మాత్రమే చెల్లే ఉత్త డాన్‌కార్డు ఇక్కడ పనికిరాదు, అంతర్జాతీయ కార్డు కావాలి. డబ్బు కట్ అయినా పేజీలో "చెల్లించలేదు" అని చూపిస్తే కంగారుపడి మళ్ళీ కట్టొద్దు. కొన్ని గంటలు ఆగి చూస్తే సరిపోతుంది.

సాధారణంగా మూడు రోజుల్లో జవాబు మెయిల్‌కు వస్తుంది. మెయిల్ రాకపోతే సైటులోనే అప్లికేషన్ ఐడీతో స్టేటస్ చూసుకోవచ్చు. "గ్రాంటెడ్" అని కనిపించాకే పని అయినట్టు. ఆ కాగితం ప్రింటు తీసి వెంట ఉంచుకోవాలి.

బయల్దేరే ముందు, దిగాక

2025 అక్టోబరు 1 నుంచి ఈ-అరైవల్ కార్డు వచ్చింది. విమానంలో పంచే కాగితం బదులు, దిగడానికి ముందు 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి ఫీజు లేదు. ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. శాటిలైట్ ఫోను, శాటిలైట్ సందేశాలు పంపే ట్రెక్కింగ్ పరికరం ఉంటే ఇంట్లోనే వదిలి రమ్మనండి. అనుమతి లేకుండా తేవడం ఇక్కడ నేరం.

ఇమిగ్రేషన్ కౌంటర్లో వేలిముద్రలు, ఫొటో తీసుకుని ముద్ర వేస్తారు. అక్కడితో అతిథి పని అయిపోయింది, ఇంటాయన పని మొదలవుతుంది. విదేశీ అతిథి హోటల్లో దిగితే ఆ వివరాలు హోటలే పోలీసులకు తెలియజేస్తుంది. మన ఇంట్లో దిగితే ఆ బాధ్యత మనదే. అందరూ ఫారం-సి అని పిలిచే ఈ సమాచారాన్ని 24 గంటల్లోపు విదేశీయుల నమోదు సైటులో ఇవ్వాలి. "మా ఇంటికొచ్చిన చుట్టానికి పోలీసులెందుకు" అని పెద్దవాళ్ళు అంటారు. పెళ్ళి హడావుడిలో ఇది మరిచిపోకుండా ఇంట్లో కుర్రాళ్ళలో ఒకరికి అప్పగించండి.

డెన్మార్క్ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకు

2015 సెప్టెంబరు 1 నుంచి డెన్మార్క్ రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటోంది. ఇండియా ఒప్పుకోదు. ఈ ఒక్క తేడా తెలియక, డేనిష్ పాస్‌పోర్టు వచ్చాక కూడా పాత ఇండియన్ పాస్‌పోర్టుతో ప్రయాణం చేసి జరిమానా కట్టినవాళ్ళున్నారు. డేనిష్ పౌరసత్వం వచ్చిన రోజే ఇండియన్ పౌరసత్వం పోయినట్టు. పాత పాస్‌పోర్టును ఎంబసీలో అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆపైన భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టాలి. ఓసీఐ ఉంటే ఇక వీసా గొడవే ఉండదు.

కార్డు వచ్చేలోపు ప్రయాణం పడితే ఈ-వీసా మీద రావచ్చు. పౌరసత్వం పుట్టుకతో వచ్చిందా, తర్వాత తీసుకున్నారా అన్న ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెప్పి, పాత పౌరసత్వం ఇండియా అని రాయాలి. డేనిష్ అల్లుడికో కోడలికో ఓసీఐ కావాలంటే పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండాలి, అందాకా ఈ ఫారమే.