క్లౌన్‌ఫిష్ హుషారుగా ఉంది, అనిమోన్ మాత్రం నీరసించింది: ముందు టాపప్ నీళ్ళు చూడండి

ఉప్పునీటి అక్వేరియంలో పెంచే అనిమోన్‌కి (పువ్వులా విచ్చుకుని, క్లౌన్‌ఫిష్ అనే చిన్న చేపకి ఇల్లయ్యే సముద్రజీవి) ఏదైనా అయితే నాకు వచ్చే మొదటి ఫొటో నోరు తెరుచుకున్న అనిమోన్‌ది, రెండోది టెస్ట్ కిట్ల వరుసది. అమ్మోనియా సున్నా, నైట్రేట్ 10, ఆల్కలినిటీ 8.5, అన్నీ బ్రహ్మాండం. నేను అడిగేది ఒక్కటే: రోజూ ఆవిరైపోయే నీళ్ళకి బదులుగా, అంటే టాపప్‌కి, ఏ నీళ్ళు పోస్తున్నారు? "ఆర్‌ఓ నీళ్ళేనండీ" అంటారు. ఆ ఆర్‌ఓ మిషన్ మూత తీసి లోపల ఏముందో చూశారా అంటే అటునుంచి చప్పుడుండదు.

ఇక్కడ చెప్పేది 60×40×40 సెం.మీ. ట్యాంకు గురించి. రాళ్ళూ ఇసుకా పోగా సుమారు 75 లీటర్ల నీళ్ళు, ఒక బబుల్‌టిప్ అనిమోన్ (టెంటకిల్స్ అనే వేళ్ళలాంటి తీగల చివర బుడగలుండే రకం), రెండు ఒసెల్లారిస్ రకం క్లౌన్‌లు. సైక్లింగ్ (కొత్త ట్యాంకులో మంచి బ్యాక్టీరియా పెరగనివ్వడం), ఉప్పు కలపడం, వాటర్ చేంజ్ మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఇంత చిన్న ట్యాంకులో బాగా పెద్దగా పెరిగే కార్పెట్ అనిమోన్ పెట్టినవాళ్ళకి నా సలహా ఒక్కటే, దాన్ని పెద్ద ట్యాంకున్న వాళ్ళకి ఇచ్చేయండి.

ముడుచుకుపోయి గోధుమరంగు తీగల్లాంటివి కక్కుతోంది

కొన్ని గంటల్లో మళ్ళీ విచ్చుకుంటే టెన్షన్ పడకండి. ఒంట్లోని నీళ్ళు మార్చుకుంటుంది, వ్యర్థాలు పారేస్తుంది, అంతే. రెండు రోజులైనా విచ్చుకోకపోతే శాలినిటీ (నీళ్ళలో ఉప్పదనం) చూడండి. చూసేముందు రిఫ్రాక్టోమీటర్‌ని, అంటే దాన్ని కొలిచే పరికరాన్ని, సరిచేసుకోండి. మంచినీళ్ళతో సున్నాకి తిప్పితే సరిపోదు, సున్నా దగ్గర నిజం చెప్పే పరికరం 35 (సముద్రపు నీళ్ళ ఉప్పదనం, వెయ్యికి 35 వంతులు) దగ్గర అబద్ధం చెప్పొచ్చు. 36.5 గ్రాముల ఉప్పు 963.5 గ్రాముల శుద్ధమైన నీళ్ళలో కలిపితే ఆ ద్రవం రిఫ్రాక్టోమీటర్‌లో 35 చూపించాలి. వంటింటి ఉప్పు చాలు, తూకం మాత్రం సరిగ్గా ఉండాలి. ఎక్కువ తక్కువలుంటే రోజుకి ఒక పాయింటు చొప్పున సరిచేయండి, ఒక్కసారిగా వద్దు.

ట్యాంకంతా నడుస్తోంది

కొత్తది వారం పది రోజులు చోటు వెతుక్కుంటుంది. ఆ తర్వాత కూడా ఆగలేదంటే వెలుతురో నీటి ఒరవడో దానికి నచ్చలేదన్నమాట. పాదం దాచుకోవడానికి రాతి సందు ఉందో లేదో చూడండి. దాన్ని పీకి మీకు నచ్చిన చోట పెట్టకండి, పాదం చిరిగితే బతకడం కష్టం. వేవ్‌మేకర్‌కి (నీళ్ళలో ఒరవడి పుట్టించే పంపు) స్పాంజి తొడుగు వేశారా? అనిమోన్ కొనకముందే వెయ్యాలి. రాత్రి నడిచి ఫ్యాన్‌లోకి వెళ్ళిన అనిమోన్ పొద్దునకి నీళ్ళలో తురుములా తేలుతుంది. చూసినవాళ్ళు రెండోసారి తొడుగు మర్చిపోరు.

తెల్లగా పాలిపోయింది

ఒంట్లో ఉండి ఆహారం చేసిపెట్టే నాచు పోయింది. అంగట్లో తెల్లగా, నిమ్మపండు రంగులో "స్పెషల్ కలర్" అంటూ అమ్మేవి చాలావరకు ఇలా పాలిపోయినవో రంగు వేసినవో. లైటు మెల్లగా, రెండు మూడు వారాల్లో పెంచండి. వారానికి రెండుసార్లు శనగగింజంత పచ్చి రొయ్య ముక్క ఇవ్వండి. పెద్ద ముక్క పెడితే మర్నాడు కక్కేస్తుంది. రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

నోరు వదులైంది, టెంటకిల్స్‌కి జిగురు లేదు, క్లౌన్ మాత్రం తిండికి ఎగబడుతోంది

దీని దగ్గరే నేను దెబ్బతిన్నాను కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

నాలుగేళ్ళ కిందట మా వంటింటి ఆర్‌ఓకి సర్వీసు చేసే అబ్బాయి వచ్చి ఫిల్టర్లు మార్చాడు. వెళ్తూ వెళ్తూ "కాపర్ కార్ట్రిడ్జ్ ఫ్రీగా వేశాను సార్, ఒంటికి మంచిది" అన్నాడట. నేను ఫోన్లో ఉన్నాను, వినలేదు. మూడో వారంలో నత్తలు గాజు మీంచి జారి ఇసుకలో వెల్లకిలా పడటం మొదలైంది. తిప్పి పెడితే మళ్ళీ పడేవి. తర్వాత క్లీనర్ రొయ్య కుబుసం సగం విడిచి చచ్చిపోయింది. ఆరో వారానికి అనిమోన్ నోరు తెరిచింది. వేలితో తాకితే బంకలా అతుక్కోవాల్సిన టెంటకిల్ తడి గుడ్డలా జారిపోయింది.

క్లౌన్‌లు మాత్రం దివ్యంగా ఉన్నాయి. చేపలు బాగున్నాయంటే నీళ్ళు బాగున్నట్టే అనుకున్నాను. లైటు మార్చాను, వేవ్‌మేకర్ అటు తిప్పాను ఇటు తిప్పాను. ఏమీ తోచక వారానికి రెండు వాటర్ చేంజ్‌లు చేశాను, అదే ఆర్‌ఓ నీళ్ళలో ఉప్పు కలిపి. చేసిన ప్రతిసారీ అనిమోన్ ఇంకాస్త కుంగిపోయింది.

ఒక ఆదివారం మా అమ్మ రాగి చెంబుతో ట్యాంకులో నీళ్ళు పోస్తోంది. "అమ్మా, రాగితో పొయ్యొద్దు, అవి చచ్చిపోతాయి" అని అరిచాను. అమ్మ చెంబు కింద పెట్టి, "మరి నీ మిషన్లో ఉన్నదీ రాగేగా, ఆ అబ్బాయి చెప్పి వెళ్ళాడుగా" అంది. మూత తీస్తే చివరి గొట్టంలో రాగిరంగు గుళికలు.

చేపకి ఏమీ కాకపోవడానికి కారణముంది. తెల్లమచ్చల జబ్బుకి వేసే మందు రాగే. లీటరుకు 0.15–0.20 మి.గ్రా. మోతాదులో వారాల తరబడి ఉంచి వైద్యం చేస్తారు, చేప తట్టుకుంటుంది. అనిమోన్, నత్త, రొయ్య తట్టుకోలేవు. నత్త, రొయ్యల రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగి ఉన్న పదార్థమే, అయినా నీళ్ళలో కరిగిన రాగి కాస్త పెరిగితే వాటికి విషం.

ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, రాగి ట్యాంకులోనే ఉండిపోతుంది. ఎండాకాలంలో చల్లదనం కోసం మనం ట్యాంకు మీదికి ఫ్యాన్ తిప్పుతాం, రోజుకి రెండు లీటర్లు ఎగిరిపోతాయి. టాపప్ నీళ్ళలో లీటరుకు 0.05 మి.గ్రా. రాగి ఉందనుకోండి. రెండు నెలల్లో 6 మి.గ్రా. చేరుతుంది. 75 లీటర్లకి పంచితే లీటరుకు 0.08, అంటే చేపల మందు మోతాదులో సగం. కొంత రాళ్ళూ ఇసుకా పీల్చుకుంటాయి, అదింకా ప్రమాదం, తర్వాత మెల్లగా వదులుతాయి.

రాగి టెస్ట్ కిట్‌ని నమ్ముకోకండి. మామూలు కిట్లు మందు మోతాదు కొలవడానికి చేసినవి, అనిమోన్‌ని చంపే కొద్దిపాటి రాగికి వాటిలో రంగే మారకపోవచ్చు. టీడీఎస్ మీటర్ కూడా నీళ్ళలో కరిగినవి మొత్తం ఎంతో చెబుతుందే తప్ప ఏ ఖనిజమో చెప్పదు. కానీ టాపప్ నీళ్ళలో మీటర్ సున్నా కాకుండా 40, 60 చూపిస్తుంటే ఆ నీళ్ళు ట్యాంకుకి పనికిరావు, ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. తాగే ఆర్‌ఓలో రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతారు, మనకి అదే తంటా.

ఏం చెయ్యాలంటే: ఆర్‌ఓలో నీళ్ళని వడకట్టే పొర (మెంబ్రేన్) తర్వాత, ఖనిజాల గొట్టానికి ముందు, ఒక టీ కనెక్టర్ పెట్టించి వేరే పైపు తీసుకోండి. దానికి డీఐ రెజిన్ (మిగిలిన ఖనిజాల్ని పట్టేసే గుళికలు) క్యానిస్టర్ తగిలించండి. టీడీఎస్ సున్నా వచ్చాకే పట్టుకోండి, ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టండి. ట్యాంకులో రాగిని పట్టేసే రెజిన్ సంచి వెయ్యండి, నీలంగా నల్లబడుతుంటే అది పని చేస్తున్నట్టు. కొత్త కార్బన్ పెట్టి, మూడు రోజులకోసారి 20 శాతం నీళ్ళు మార్చండి. అనిమోన్‌కి ఇంకా కాస్త జిగురుంటే తెలిసినవాళ్ళ ట్యాంకులోకి పంపించేయండి, పాతబడిన ప్లాస్టిక్ కార్డు అంచుతో పాదాన్ని మెల్లగా ఒలవండి. తిరిగి తెచ్చేముందు ఒక నత్తని వదిలి రెండు వారాలు చూడండి. గాజు ఎక్కి తిరుగుతుంటే సరే.

మాది బతకలేదు. నేను మిషన్ మూత తీసేసరికే పాదం రాయిని వదిలేసింది. ట్యాంకులో నత్తలు నిలబడటానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

సెకండ్ హ్యాండ్ ట్యాంకు కొన్నవాళ్ళు పాత యజమాని ఎప్పుడైనా తెల్లమచ్చల మందు వేశాడేమో అడగండి. ట్యాంకులోకి దిగే ఇత్తడి నాజిల్, తుప్పు పట్టిన క్లిప్పు ఉంటే తీసి పారేయండి.

క్లౌన్ అనిమోన్ వైపే చూడటం లేదు

ఇది జబ్బు కాదు. ఇప్పుడు దొరికే క్లౌన్‌లు చాలావరకు ట్యాంకులో పుట్టినవి. మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని పెంచే పద్ధతులు తయారుచేసింది. అనిమోన్ మొహమే చూడని పిల్లలు అవి. పైగా సముద్రంలో ఒసెల్లారిస్‌కి బబుల్‌టిప్ ఇల్లు కాదు, అది ఉండే అనిమోన్‌లు వేరు. రేపే వెళ్ళొచ్చు, ఏడాదికి వెళ్ళొచ్చు, వేవ్‌మేకర్‌తోనే కాపురం పెట్టొచ్చు. బలవంతం చెయ్యకండి.

దీనికి ఎదురుది నిజంగా సమస్య. పెద్ద ఆడ క్లౌన్ అరచేతంత అనిమోన్‌లో రోజంతా దొర్లి దాన్ని విచ్చుకోనివ్వదు. అనిమోన్ మీద బుట్ట బోర్లించి నెల రోజులు విడదీయండి.

మిగతావి

బబుల్స్ పోయి టెంటకిల్స్ పొడుగ్గా సాగాయా? తల బద్దలు కొట్టుకోకండి, ఆరోగ్యంగా ఉన్నవీ అలా అవుతాయి. రెండుగా చీలిందా? బబుల్‌టిప్‌కి అది మామూలే. నీళ్ళలో కరెంటు లీకేజీ, బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ లాంటివీ ఒక్కోసారి ఉండొచ్చు. హీటర్ ఒకసారి చూసుకోండి, యాంటీబయాటిక్ జోలికి మాత్రం సొంతంగా వెళ్ళకండి.

చచ్చిందో బతికుందో తేలకపోతే నీళ్ళలోంచి కాస్త పైకెత్తి వాసన చూడండి. బతికున్నదానికి సముద్రం వాసనే ఉంటుంది. చచ్చినదైతే చూడక్కర్లేదు, గది అవతలికే తెలుస్తుంది. అప్పుడు రాత్రి రెండు గంటలైనా సరే తీసేయండి, తెల్లారేదాకా ఉంచితే అమ్మోనియాకి క్లౌన్‌లు కూడా దక్కవు.