అద్దె అగ్రిమెంట్ ఆంటాలజీని బీఎఫ్‌ఓ కిందికి తేవడం ఎలా

లీగల్ ఆంటాలజీ (చట్టపరమైన విషయాలనూ వాటి సంబంధాలనూ కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిన నమూనా) మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు ప్రోటెజే అనే ఆంటాలజీ ఎడిటర్ తెరిచి, బీఎఫ్‌ఓ (బేసిక్ ఫార్మల్ ఆంటాలజీ, ఏ రంగానికైనా పైన ఉంచుకునే సాధారణ వర్గాల చట్రం) ఇంపోర్ట్ చేసి, తమ క్లాసులన్నిటినీ, అంటే వర్గాలన్నిటినీ, దాని కింద ఎక్కడో ఒకచోట తగిలించేస్తారు. అలా చేయకండి. ముందు కాగితం మీద "అగ్రిమెంట్" అనే మాటను విడగొట్టండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ఇంటి అద్దె అగ్రిమెంటే తీసుకుందాం. బీరువాలో ఉన్న స్టాంప్ పేపర్ ఒకటి, అందులోని షరతులు ఇంకొకటి (జిరాక్స్ తీసినా షరతులు అవే కదా), ఓనరూ టెనెంటూ సంతకాలు పెట్టడం వేరొకటి, ఆ సంతకాలతో పుట్టిన హక్కులూ బాధ్యతలూ మరొకటి. మనం అన్నిటినీ అగ్రిమెంట్ అనే అంటాం, లాయర్లూ అంతే. బీఎఫ్‌ఓ ఒప్పుకోదు. కాగితం మెటీరియల్ ఎంటిటీ (భౌతిక వస్తువు), షరతులు ఏదో ఒక ప్రతి ఆధారంగా ఉండే జెనెరికల్లీ డిపెండెంట్ కంటిన్యుయెంట్, సంతకం పెట్టడం ప్రాసెస్. హక్కుల సంగతి తర్వాత చూద్దాం. కాగితం, షరతుల్లా కాలంలో కొనసాగే కంటిన్యుయెంట్, ప్రాసెస్‌లా కాలంలో జరిగే అకరెంట్ రెండూ డిస్‌జాయింట్ (ఏదీ ఒకేసారి రెండిటి కిందా ఉండలేదు) కాబట్టి, అగ్రిమెంట్‌ను డాక్యుమెంట్ కిందా ప్రాసెస్ కిందా కలిపి పెడితే హెర్మిట్ రీజనర్ (ఆంటాలజీలో తర్కం సరిచూసే ప్రోగ్రామ్) నడపగానే ఆ క్లాస్‌లో ఏదీ ఉండలేదని ఎర్రబడుతుంది. అప్పుడు డిస్‌జాయింట్ తీసేయాలని చేయి లాగుతుంది. తీయొద్దు, క్లాస్‌నే విడగొట్టండి.

టెనెంట్‌ను మనిషికి సబ్‌క్లాస్ (ఉపవర్గం) చేయకండి. హైదరాబాద్‌లో అద్దెకుండే మనిషే గుంటూరులో తన ఇల్లు అద్దెకిచ్చి ఉండొచ్చు. పైగా ఓనర్ ఒక కంపెనీ కావచ్చు, అది మనిషే కాదు. ఇవి రోల్స్, సందర్భాన్ని బట్టి వచ్చిపోయే పాత్రలు, అంతే.

హక్కుల దగ్గరే అసలు తలనొప్పి. హక్కు ఒకరిదైతే దానికి జతగా ఇంకొకరికి బాధ్యత ఉంటుందని అమెరికన్ న్యాయశాస్త్రవేత్త హోఫెల్డ్ 1913లోనే విడమరిచాడు. అద్దె అడిగే హక్కు ఓనర్‌ది, కట్టే బాధ్యత టెనెంట్‌ది. ఈ జతకు బీఎఫ్‌ఓలో రెడీమేడ్ చోటు లేదు. నేనైతే రెండు రోల్స్ పెట్టి, వాటి మధ్య సొంత రిలేషన్ ఒకటి రాస్తాను. మీ ప్రాజెక్టంతా హక్కుల చుట్టూనే తిరిగేదైతే బీఎఫ్‌ఓతో కుస్తీ ఎందుకు, యూఎఫ్‌ఓ (యూనిఫైడ్ ఫౌండేషనల్ ఆంటాలజీ, బీఎఫ్‌ఓ లాంటిదే ఇంకో చట్రం) మీద కట్టిన లీగల్ ఆంటాలజీ యూఎఫ్‌ఓ-ఎల్ చూడండి. వేరే రంగాల డేటాతో కలవాలంటే మాత్రం, 2021లో ఐఎస్‌ఓ ప్రమాణం కూడా అయింది కాబట్టి, బీఎఫ్‌ఓకే నా ఓటు.

ఎల్‌కేఐఎఫ్ కోర్ లాంటి రెడీమేడ్ లీగల్ ఆంటాలజీని మొత్తంగా ఇంపోర్ట్ చేయొద్దు, దాని పైస్థాయి క్లాసులు దానికే ఉన్నాయి, అవి మీ బీఎఫ్‌ఓతో తగువు పెట్టుకుంటాయి. కావాల్సిన క్లాసులే తెచ్చుకోండి. మీ క్లాసూ వాళ్ల క్లాసూ ఒకటేనని, అంటే ఈక్వివలెంట్ క్లాస్ అని, రాసేముందు రెండుసార్లు ఆలోచించండి, ఎందుకంటే దాని గురించి వాళ్లు రాసిన యాక్సియమ్స్ (నియమాలు) అన్నీ మీ నెత్తిన పడతాయి. చాలాచోట్ల సబ్‌క్లాస్ చాలు.

చివరగా ఒక ప్రశ్నతో పరీక్షించండి: రిజిస్టర్ కాని, ఏడాది మించిన లీజులు ఏవి? 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం అలాంటివాటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 11 నెలల అగ్రిమెంట్ల గుట్టు అదే. ఈ ప్రశ్నకు రీజనర్ జవాబివ్వదు. ఆంటాలజీలు రాసే భాష ఔల్‌లో రిజిస్ట్రేషన్ సంగతి రాయకపోతే "తెలీదు" అనే అర్థం, "కాలేదు" అని కాదు. ఈ చెకింగ్‌ను స్పార్కిల్ (డేటాను ప్రశ్నించే భాష)తోనో షాకల్ (డేటా నియమాల ప్రకారం ఉందో లేదో చూసే భాష)తోనో చేయండి. ఆ సెక్షన్‌కు రాష్ట్రాల సవరణలు కూడా ఉంటాయి కాబట్టి ప్రతి రూల్‌కూ ఏ రాష్ట్రం, ఏ తేదీ నుంచి అన్నది తగిలించి పెట్టుకోండి.