వీహెచ్‌డీ ప్రొఫైళ్లను వీహెచ్‌డీఎక్స్‌కు మార్చడం ఎలా?

ఒక్కో వాడుకదారుడి ప్రొఫైల్‌ను, అంటే అతని సెట్టింగ్‌లను, ఫైళ్లను, ఫైల్ సర్వర్ షేర్‌లో ఒక వర్చువల్ డిస్కు ఫైలుగా దాచే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎస్‌లాజిక్స్. ఆ డిస్కు ఫైలు పాత ఫార్మాట్ వీహెచ్‌డీ, కొత్తది వీహెచ్‌డీఎక్స్. ఎఫ్‌ఎస్‌లాజిక్స్ సెట్టింగ్‌లలో ఈ ఫార్మాట్‌ను నిర్ణయించే వాల్యూమ్‌టైప్‌ను వీహెచ్‌డీఎక్స్‌గా మార్చి, పని అయిపోయిందని చేతులు దులుపుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మార్పు ఇకపై పుట్టే ప్రొఫైళ్లకే వర్తిస్తుంది. షేర్‌లో ఉన్న పాత డిస్కులను మనమే మార్చుకోవాలి.

వీహెచ్‌డీ పరిమితి 2040 జీబీ, వీహెచ్‌డీఎక్స్‌ది 64 టీబీ అని అందరూ చెబుతారు. ముప్పై జీబీ ప్రొఫైల్‌కు ఆ లెక్కతో పనేముంది? విండోస్ సర్వర్ 2012తో వచ్చిన వీహెచ్‌డీఎక్స్ డిస్కు అమరికలో చేసే మార్పులను ముందుగా లాగ్‌లో రాసుకుంటుంది. రాస్తుండగా కరెంటు పోయినా ఫైలు పాడయ్యే ప్రమాదం బాగా తగ్గుతుంది. నా దృష్టిలో అసలు లాభం ఇదే.

వాల్యూమ్‌టైప్‌ను ముందే మార్చి ఉంచండి. తర్వాత ఒక్క వాడుకదారుణ్ణి ఎంచుకుని లాగాఫ్ చేయించండి. తెర మూసేసి వెళ్లడం లాగాఫ్ కాదు; సెషన్ బతికే ఉంటుంది, డిస్కు తగిలించే ఉంటుంది. ఫైల్ సర్వర్‌లో తెరిచి ఉన్న ఫైళ్ల జాబితాలో ఆ డిస్కు పేరు కనిపించకూడదు.

ఇప్పుడు ఫైలును హైపర్-వీ (విండోస్‌లో వర్చువల్ యంత్రాలు నడిపే సదుపాయం) ఉన్న యంత్రంలోని సొంత డిస్కుకు కాపీ చేసి, పవర్‌షెల్‌లో కన్వర్ట్-వీహెచ్‌డీ ఆదేశం ఇవ్వండి. గమ్యం ఫైలు పేరు చివర వీహెచ్‌డీఎక్స్ అని పెడితే చాలు, ఫార్మాట్‌ను అదే గ్రహిస్తుంది. రకం డైనమిక్ (వాడినకొద్దీ పెరిగే ఫైలు) అని చెప్పండి. గెట్-వీహెచ్‌డీతో ఫలితం సరిచూసుకుని, కొత్త ఫైలును వాడుకదారుడి ఫోల్డర్‌లో పెట్టండి. పాతదాన్ని షేర్ బయటికి తరలించండి. రెండూ పక్కపక్కన ఉంటే ఏది తగులుకుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఎక్కువమంది బోల్తా పడేది అనుమతుల దగ్గరే. కొత్త ఫైలును సృష్టించింది అడ్మిన్ ఖాతా కాబట్టి యజమానిగా అదే నమోదవుతుంది, వాడుకదారుడికి రాసే హక్కు ఉండకపోవచ్చు. అప్పుడు డిస్కు తగలదు, అతనికి ఖాళీ డెస్క్‌టాప్ ఎదురవుతుంది. పాత ఫైలు ప్రాపర్టీలలో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి, యజమానితో సహా అవే అనుమతులు కొత్తదానికీ ఇవ్వండి. తర్వాతే లాగిన్ చేయించండి.

పాత ఫైలును కొన్నాళ్లు అట్టే పెట్టండి. కానీ కొత్త డిస్కులో పని మొదలయ్యాక వెనక్కి వెళ్తే ఆ మధ్య చేసిన పని పోతుంది. అందుకే లోపం ఉంటే మొదటి లాగిన్‌లోనే పట్టుకోవాలి. ఆఫీస్ కంటైనర్లు (ఆఫీస్ డేటాను మాత్రమే దాచే డిస్కులు) విడిగా వాడుతుంటే వాటి వాల్యూమ్‌టైప్ రిజిస్ట్రీలో ఓడీఎఫ్‌సీ కీ కింద వేరేగా ఉంటుంది. దాన్నీ మార్చండి.