సర్వే నేర్చుకుందాం – 4వ పాఠం: ఆఫ్‌సెట్లతో చేను విస్తీర్ణం

ముందుగా గత పాఠంలో ఇచ్చిన లెక్కకు జవాబు. 7 గొలుసుల 35 లింకులు ఎన్ని అడుగులు, ఎన్ని మీటర్లు అన్నదే ఆ లెక్క. 7 గొలుసుల 35 లింకులంటే 735 లింకులు. లింకుకు 0.66 అడుగుల చొప్పున 485.1 అడుగులు, మీటర్లలో 147.86. సరిగ్గా వచ్చినవాళ్లు ముందుకు రండి. రానివాళ్లు 66 అడుగుల గంటర్ గొలుసులో 100 లింకులనే మాట దగ్గరకు ఒక్కసారి వెళ్లి చూసుకోండి. ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

ఈసారి పని, గట్లు వంకరగా ఉన్న ఒక చేను విస్తీర్ణం కట్టడం. బీటెక్ సివిల్‌లోనో, జియోఇన్ఫర్మాటిక్స్‌లోనో చేరిన పిల్లలు చాలామంది “టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం) ఉండగా ఈ గొలుసు గొడవ ఎందుకు?” అంటారు. ఆంధ్ర జిల్లాల్లో పొలాల కొలతల పటాలుండే పాత ఎఫ్‌ఎంబీ తెరిచినా, తెలంగాణలో అలాంటి కొలతల పటమే అయిన టిప్పన్ తెరిచినా ఆధారరేఖ, దానికి అటూ ఇటూ కొలతలే కనిపిస్తాయి. ఎంత కొత్త పరికరంతో కొలిచినా రైతు అడిగేది ‘నా పాత హద్దు ఎక్కడ?’ అనే. పాత పటం చదవడం రాకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం.

పద్ధతి ఇదీ. చేను ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా ఒక గీత వేసుకోవాలి. ఇదే ఆధారరేఖ. ఎఫ్‌ఎంబీలో జి లైన్ అనేది దీన్నే. మొదలు దగ్గర, చివర దగ్గర రేంజింగ్ రాడ్లు (దూరానికి కనిపించే రంగుల కర్రలు) పాతి, ఆ వరుసలోనే గొలుసు పరుచుకుంటూ వెళ్తాం. గట్టు మలుపు తిరిగిన ప్రతిచోటా, ఆ మలుపు నుంచి గీత మీదకు లంబంగా ఎంత దూరముందో కొలుస్తాం. అదే ఆఫ్‌సెట్. ఫీల్డ్ బుక్‌లో పేజీ అడుగు నుంచి పైకి రాసుకుంటూ పోవాలి. మీరు నడిచే దిక్కు, రాసే దిక్కు ఒకటే అవుతాయి కాబట్టి కుడి ఎడమలు తారుమారు కావు.

లంబం దగ్గర మాత్రం తొందరపడకండి. లంబకోణం చూపించే క్రాస్ స్టాఫ్ ఉంటే మంచిదే. లేకపోతే టేపు సున్నాను మలుపు దగ్గరున్న రాయి మీద పట్టించి, రెండో కొసను బిగువుగా పట్టుకుని గొలుసు మీద అటూ ఇటూ ఊపండి. ఎక్కడ అన్నిటికంటే తక్కువ అంకె కనిపిస్తే అదే లంబం పాదం. కంటితో ఉజ్జాయింపుగా నిలబడితే ఏమవుతుందో చూడండి. 140 లింకుల ఆఫ్‌సెట్‌కు 5 డిగ్రీలు పక్కకు నిలబడ్డారనుకుందాం. ఆఫ్‌సెట్ పొడవులో తేడా అర లింకే. కానీ పాదం 12 లింకులు, అంటే 8 అడుగులు జరిగిపోతుంది. టేపు మీద అంకె బాగానే ఉంది కాబట్టి తప్పు జరిగినట్టు మీకు అనుమానం కూడా రాదు. అందుకే ఆఫ్‌సెట్లు ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. పొడుగ్గా వస్తున్నాయంటే జి లైన్‌ను ఇంకో చోట వేసుకోవాలని అర్థం.

ఇక లెక్క. జి లైన్ పొడవు 500 లింకులు, రెండు కొసలూ చేను మూలలే. ఎడమవైపు, గీత మొదలు నుంచి 120 లింకుల దగ్గర ఆఫ్‌సెట్ 80, 320 దగ్గర 140. కుడివైపు 200 దగ్గర 150, 410 దగ్గర 90. కాగితం మీద గీసుకోండి, గీయకుండా చదవద్దు.

ఎడమవైపు మొదట ఒక త్రిభుజం, మధ్యలో ఒక ట్రెపీజియం, చివర మళ్లీ త్రిభుజం వస్తాయి. మొదటి త్రిభుజం 120 × 80లో సగం, 4,800. ట్రెపీజియానికి 320లోంచి 120 తీసేస్తే 200; దాన్ని 80, 140ల సగటు 110తో గుణిస్తే 22,000. చివరి త్రిభుజం 180 × 140లో సగం, 12,600. ఎడమవైపు మొత్తం 39,400. కుడివైపు ఇదే తీరులో 15,000, 25,200, 4,050 వస్తాయి, మొత్తం 44,250. రెండూ కలిపితే 83,650 చదరపు లింకులు.

లింకుల గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం, వెయ్యి ఒక సెంటు. కాబట్టి దశాంశ బిందువు జరిపితే చాలు, 83.65 సెంట్లు. గుంటల్లో కావాలంటే ఎకరానికి 40 గుంటల చొప్పున 33.46. గుంట అంటే 33 అడుగుల చదరం, 121 గజాలు.

చాలామంది ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. నా దృష్టిలో అసలు సర్వే ఇక్కడే మొదలవుతుంది. గుణకారం సరిపోయినంత మాత్రాన చేను సరిపోయినట్టు కాదు. ఎడమవైపు రెండు మలుపుల మధ్య గట్టు పొడవు ఎంత ఉండాలి? పాదాల మధ్య 200, ఆఫ్‌సెట్ల తేడా 60. రెండిటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 208.8. ఇప్పుడు గొలుసు తీసుకెళ్లి గట్టు మీదే నేరుగా కొలవండి. 209కి అటూ ఇటూగా వస్తే మీ కొలతలు నిలబడ్డాయి. అదే మొదటి ఆఫ్‌సెట్ 80ని హడావిడిలో 60 అని రాసి ఉంటే లెక్కలో గట్టు 215 వస్తుంది, నేల మీద 209 ఉంటుంది. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. పట్టుకోకపోతే ఆ ఒక్క అంకెతో పోయేది 3,200 చదరపు లింకులు, అంటే 3.2 సెంట్లు, దాదాపు 155 గజాలు. ఊళ్లో ఒక ఇంటి స్థలం! సర్వే క్యాంపులో టైమ్ లేదని ఈ సరిచూపు కొలత వదిలేయడం నాకు అసలు నచ్చని అలవాటు. ఆ గజాల కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఊళ్లు మనకు కొత్త కాదు.

వాలు నేల మీద ఇంకో జాగ్రత్త. గొలుసును నేల వెంట కాకుండా మట్టంగా పట్టి, చిన్న చిన్న మెట్లుగా కొలవాలి. పటంలో ఉండేది మట్టపు దూరమే.

ఇంటి దగ్గర చేయాల్సిన లెక్క: జి లైన్ 300 లింకులు. చేను ఎడమవైపే ఉంది, జి లైనే దాని ఒక హద్దు. 0 దగ్గర ఆఫ్‌సెట్ 60, 100 దగ్గర 90, 300 దగ్గర 40 అని ఫీల్డ్ బుక్‌లో రాసి ఉంది. గట్టు మీద కొలిస్తే మొదటి మలుపు నుంచి రెండోదానికి 85.4, రెండో దాని నుంచి మూడోదానికి 225.6 వచ్చాయి. ఫీల్డ్ బుక్‌లో ఒకే ఒక్క అంకె తప్పు. అది ఏది, సరైనది ఎంత, అసలు విస్తీర్ణం ఎన్ని సెంట్లు? జవాబు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో చెరువో, పాత బావో అడ్డొచ్చినప్పుడు జి లైన్‌ను పక్కనుంచి ఎలా దాటించాలో చూద్దాం. దానికి 30, 40, 50 లింకుల లంబకోణ త్రిభుజం కావాలి కాబట్టి ఒక తాడు, నాలుగు మేకులు సిద్ధం చేసుకోండి.